మూఢంలో మారిన డీటీపీ షాపు: పేజ్‌మేకర్ నుంచి లైనక్స్ దాకా, నల్లగొండలో ఒక కేస్ స్టడీ

నల్లగొండ గడియారం సెంటర్‌కు నడిచే దూరంలో ఒక డీటీపీ షాపు ఉంది. పెండ్లి పత్రికలు, దశదిన కర్మ కార్డులు, బిల్లు బుక్కులు, కరపత్రాలు, ఫ్లెక్సీ డిజైన్లు, మధ్యమధ్యలో ఉద్యోగాల అప్లికేషన్లు. నాలుగు కంప్యూటర్లు, ఇద్దరు ఆపరేటర్లు, ఒక లేజర్ ప్రింటర్, వెనక గదిలో స్క్రీన్ ప్రింటింగ్ బల్ల. ఆ షాపుకు చాలా ఏండ్లుగా సిస్టం సర్వీసు చేసేది నేనే. పోయిన అక్టోబర్ నుంచి ఈ ఫిబ్రవరి దాకా ఆ షాపును విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టం లైనక్స్ మీదికి, దానికంటే ముఖ్యంగా ఏ ఫోన్‌లోనైనా, ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే యూనికోడ్ తెలుగు మీదికి మార్చాం. ఏం చేశామో, ఎక్కడ దెబ్బ తిన్నామో, ఏది ఇంకా మిగిలిందో మొత్తం రాస్తున్నాను. మన దగ్గర ప్రతి మండల కేంద్రంలో ఇలాంటి షాపు ఒకటైనా ఉంటుంది, వాళ్ల బాధ కూడా ఇదే అయి ఉంటుంది కాబట్టి.

మొదలైంది విండోస్ 10 దగ్గర. 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. షాపులో ఉన్నవి మూడో తరం, నాలుగో తరం ఐ3 మిషన్లు, నాలుగేసి జీబీల ర్యామ్. విండోస్ 11కు ఇంటెల్‌లో అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. అంటే నాలుగింటిలో ఒక్కటీ పనికిరాదు. కొత్తవి కొందామంటే సరిగ్గా అప్పుడే ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ధరలు ఎక్కడం మొదలైంది. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ మెమరీ చిప్‌లను ఊడ్చుకుపోతోంది, డిసెంబర్ వచ్చేసరికి మెమరీ చిప్‌ల కంపెనీ మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండ్‌నే మామూలు కొనుగోలుదారులకు అమ్మడం ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఇవన్నీ పక్కన పెట్టినా పెన్‌డ్రైవ్‌ల బాధ ఒకటి ఎప్పుడూ ఉండేది. డీటీపీ షాపంటే ఊళ్లో పెన్‌డ్రైవ్‌లన్నీ వచ్చిపోయే చోటు. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయే ఆ పాత వైరస్‌ను నేను దాదాపు నెలకోసారి తీసేవాణ్ని.

అసలు దెబ్బ మాత్రం అంతకుముందే, శ్రావణంలో తగిలింది. పెండ్లిళ్లు గట్టిగా ఉన్న వారంలో మెయిన్ మిషన్ హార్డ్ డిస్క్ పోయింది. రెండేండ్ల ఫైళ్లు పోయాయి. బ్యాకప్ ఉన్నది అంతకుముందు వరకే. షాపు ఓనర్, మేం అన్న అని పిలిచే ఆయన, ఆ రోజు నాతో ఒక మాట అన్నాడు: "తమ్మీ, మిషిన్ పోతే మల్ల కొనుక్కుంట. మ్యాటర్ పోతే యాడికెళ్లి తేవాలె?" నేను అప్పటిదాకా ఈ పనిని కంప్యూటర్ల సమస్యగానే చూశాను. ఆయన సరిగ్గా చూశాడు. ఆ షాపు ఆస్తి కంప్యూటర్లు కావు, పద్దెనిమిదేండ్లుగా టైప్ చేసి ప్రూఫు దిద్దిన మ్యాటర్. పెద్దబ్బాయి పెండ్లికి కొట్టించిన పత్రికే నాలుగేండ్లకు చిన్నబ్బాయికి కావాలంటారు, ఇంటిపేరు, గోత్రం, తాతల పేర్లు, బంధుమిత్రుల వరుస అంతా అదే, వధువు పేరు, తేదీ, ఫంక్షన్ హాలు మారతాయి, అంతే.

ఆ మ్యాటర్ ఎక్కడ ఉంది? పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ ఫైళ్లలో, పాత తెలుగు ఫాంట్లలో. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే లైనక్స్ గురించి మాట్లాడే చాలామంది ఈ సంగతి దాటేస్తారు.

ఆ కాలం నాటి తెలుగు డీటీపీ ఫాంట్లు యూనికోడ్ ఫాంట్లు కావు. కంప్యూటర్ దృష్టిలో ఆ ఫైలులో తెలుగే లేదు. ఇంగ్లిష్ అక్షరాలకు, గుర్తులకు ఉండే 256 అంకెలే ఉంటాయి, ఫాంటు ఆ అంకెల మీద తెలుగు ముక్కలను బొమ్మలుగా గీసి పెడుతుంది. ముక్కలు అని ఎందుకంటున్నానంటే, అందులో పూర్తి అక్షరాలు కూడా అన్నీ ఉండవు. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, ఒక్కో వత్తు ఒక్కో ముక్క. మ, య లాంటి అక్షరాలు రెండు ముక్కలు అతికితే తయారవుతాయి. ఫాంటు తీసేస్తే మిగిలేది పిచ్చి గుర్తుల వరుస. యూనికోడ్‌లో అయితే తెలుగుకు తనదైన చోటు 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచే ఉంది: 3072 నుంచి 3199 దాకా 128 స్థానాలు. క అంటే 3093, ఏ ఫాంటు వేసినా, ఏ ఫోన్‌లో తెరిచినా 3093. పేజ్‌మేకర్ చివరి పెద్ద వెర్షన్ 7.0 2001లో వచ్చింది, ఆ తర్వాత అది ముందుకు పోలేదు, యూనికోడ్ తెలుగు దానిలోకి రానే లేదు. అయినా పేజ్‌మేకర్, తెలుగు ఫాంట్లు, కీబోర్డులు ఇచ్చే అను స్క్రిప్ట్ మేనేజర్ లాంటి ప్యాకేజీలు మన దగ్గర ఒక తరానికి అన్నం పెట్టాయి, ఆ గౌరవం నాకు ఎప్పుడూ ఉంటుంది. షాపులో ఉన్నది ఏ ఫాంట్ ప్యాకేజీ అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ఆ కాలం నాటివన్నీ ఇదే పద్ధతిలో కట్టినవి.

కాబట్టి పని రెండుగా తేలింది. ఒకటి, మ్యాటర్‌ను ఆ ఫాంట్ల తాళంలోంచి బయటికి తీయడం. రెండు, ఆపరేటర్ అక్క వేళ్లు. అక్క పదిహేడేండ్లుగా యాపిల్ కీబోర్డు పద్ధతిలో తెలుగు కొడుతుంది. అవును, కంప్యూటర్ యాపిల్‌ది కాకపోయినా ఆ లేఅవుట్ పేరు అదే, మన డీటీపీ వాళ్లందరికీ తెలిసిందే. ఆమె కీబోర్డు వైపు చూడదు. ఎదురుగా కస్టమర్ కూర్చొని చదువుతుంటే ఆ మాట పూర్తయ్యేసరికి స్క్రీన్ మీద ఉంటుంది. ఆమెను భారతీయ భాషలకు ప్రామాణికంగా పెట్టిన కీబోర్డు ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోమనడం అంటే పదిహేడేండ్ల పనితనాన్ని పక్కన పడేయమనడమే. నేను మొదట ఆ తప్పే చేశాను, ఇన్‌స్క్రిప్ట్ శాస్త్రీయంగా ఉంటుంది, నెల రోజుల్లో వచ్చేస్తుంది అని చెప్పాను. రెండు రోజులు ప్రయత్నించి మూడో రోజు ఆమె తన పాత మిషన్ దగ్గరికి పోయి కూర్చుంది. ఏమీ అనలేదు. ఆ మౌనం నాకు బాగా తగిలింది.

వెతికితే దొరికిన జవాబు ఎం17ఎన్. ఇది లైనక్స్‌లో బహుభాషల టైపింగ్ కోసం ఉన్న పాత, నమ్మకమైన ఓపెన్ సోర్స్ లైబ్రరీ, లైనక్స్‌లో కీబోర్డు భాషలు మార్చే ఐబస్ ప్రోగ్రామ్‌తో కలిసి పనిచేస్తుంది. దాని కీబోర్డుల సంచిలో తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన, సరళతో పాటు యాపిల్ కూడా ఉంది. ఎవరో ఏండ్ల కిందట కూర్చొని రాసిపెట్టారు. వాళ్లకు నా దండం. ఆ లేఅవుట్ ఒక మామూలు టెక్స్ట్ ఫైలు, ఏ కీ నొక్కితే ఏ అక్షరం రావాలో వరుసగా రాసి ఉంటుంది. షాపులో అలవాటైన పద్ధతికి, దానికి కొన్ని కీలలో తేడా వచ్చింది. అక్క ఒక్కో కీ నొక్కి "ఇది గాదు, ఇక్కడ ఒత్తు రావాలె" అంటుంటే నేను ఆ ఫైలు కాపీని హోం ఫోల్డర్‌లో పెట్టి దిద్దుతూ పోయాను. ఒక మధ్యాహ్నం పట్టింది. సాయంత్రానికి ఆమె యూనికోడ్ తెలుగును తన పాత వేగంతోనే కొడుతోంది. ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా నచ్చిన రోజు అదే. సాఫ్ట్‌వేర్‌ను మనిషికి తగ్గట్టు దిద్దుకునే వీలు ఉండటం అంటే ఏంటో ఇన్నేండ్ల లైనక్స్ వాడకంలో నాకు అంత స్పష్టంగా ఎప్పుడూ కనబడలేదు.

ఒక కీ కొత్తగా కలపాల్సి వచ్చింది. పత్రికల్లో వరుడు చాలాసార్లు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, పేరు చాలాసార్లు రాజ్‌కుమార్. యూనికోడ్‌లో పొల్లు తర్వాత హల్లు కొడితే అది వత్తుగా కిందికి పోతుంది, రాజ్కుమార్ అని పడుతుంది. పొల్లు పొల్లుగానే నిలబడాలంటే మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు పెట్టాలి, దాని సంఖ్య 8204. ఫోన్ల సంగతి తెలిసినవాళ్లకు ఈ గుర్తు గుర్తుండే ఉంటుంది. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం వస్తే ఐఫోన్లు క్రాష్ అవుతున్నాయని ప్రపంచమంతా మాట్లాడుకుంది. జ్ఞ తర్వాత ఈ కనబడని గుర్తు, ఆ తర్వాత దీర్ఘం, ఆ వరుస వచ్చినప్పుడే. ఐఓఎస్ 11.2.6లో సరిచేశారు. మాకు దాన్నుంచి వచ్చిన నియమం ఒకటే: ఈ గుర్తు పొల్లుకు, హల్లుకు మధ్యన మాత్రమే ఉండాలి, ఇంకెక్కడ కనబడినా మ్యాటర్ మార్చడానికి మేం రాసుకున్న చిన్న ప్రోగ్రామ్ (స్క్రిప్టు) దాన్ని తీసేయాలి. జ్ఞాపకార్థం అని వేసే కార్డులు షాపులో తక్కువేం కాదు మరి.

టైము కలిసొచ్చింది. నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి మధ్య దాకా శుక్ర మూఢం. పెండ్లి ముహూర్తాలు లేవు. ప్రింటింగ్ వాళ్లకు అది దిగాలుగా ఉండే కాలం, మాకు మాత్రం షాపు ఆపకుండా పని చేసుకునే సందు దొరికింది.

మిషన్ల సంగతి త్వరగా చెప్పేస్తాను, అందులో పెద్ద విషయం లేదు. ధరలు మరీ ఎక్కకముందే నాలుగు చిన్న ఎస్‌ఎస్‌డీలు తెచ్చాం, రెండింటికి పాత ర్యామ్ కర్రలు దొరికితే వేశాం. వేసింది లైనక్స్‌లో ఒక రకమైన లైనక్స్ మింట్ 22, పాత మిషన్లకు తేలికగా ఉండే ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్. అది ఉబుంటు అనే ఇంకో రకం లైనక్స్ 24.04 వెర్షన్ మీద కట్టింది కాబట్టి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. నాలుగో మిషన్‌ను మాత్రం విండోస్‌లోనే ఉంచి ఇంటర్నెట్ తీగ పీకేశాం, పాత ఫైళ్లు తెరవడానికి అది కావాలి. కొనుగోళ్లన్నీ కలిపినా ఒక కొత్త కంప్యూటర్ ధరలో సగం కాలేదు.

ఇక మ్యాటర్ మార్చడం. ఇందులోనే రెండు నెలలు పోయాయి.

మొదట పేజ్‌మేకర్ ఫైళ్లను నేరుగా లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ ప్యాకేజీలోని డ్రాలో తెరిచి చూశాను. 4.4 వెర్షన్ నుంచి, అంటే 2015 మొదటినుంచి దానిలో ఆ సౌకర్యం ఉంది, లిబ్‌పేజ్‌మేకర్ అనే లైబ్రరీ ఆ పని చేస్తుంది. పేజీ సైజు, పెట్టెలు, గీతలు ఎక్కడివక్కడే వచ్చాయి, డిజైన్ చూసి మళ్లీ వేసుకోవడానికి చాలు. కానీ నాకు కావాల్సింది ఏ ముక్క ఏ ఫాంటులో ఉందన్న వివరం, పక్కాగా. ఎందుకంటే పత్రికలో తెలుగు మధ్యలో ఫోన్ నంబర్లు, చదువుల పేర్లు ఇంగ్లిష్ ఫాంటులో ఉంటాయి. ఆ తేడా తెలియకుండా అన్నిటినీ తెలుగు చేసేస్తే బీటెక్, ఎంబీఏ కూడా పిచ్చి అక్షరాలవుతాయి. అందుకని ఆ నాలుగో మిషన్‌లో పేజ్‌మేకర్‌తోనే తెరిచి, ఫాంటు వివరాలతో సహా రాసే ఆర్‌టీఎఫ్ అనే టెక్స్ట్ ఫార్మాట్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేశాం. ఆర్‌టీఎఫ్‌లో మొదట్లోనే ఫాంట్ల పట్టిక ఉంటుంది, ప్రతి ముక్కకూ దాని ఫాంటు నంబర్ ఉంటుంది, ఇంగ్లిష్‌లో లేని గుర్తులన్నీ వాటి అంకెలతో రాసి ఉంటాయి. చదవడానికి చిన్న పైథాన్ స్క్రిప్టు చాలు. ఎక్స్‌పోర్ట్ మాత్రం చేత్తో చేయాల్సిందే. రెండో ఆపరేటర్ తమ్ముడు రోజుకు ఇన్ని అని పెట్టుకొని చేశాడు. పద్దెనిమిదేండ్ల ఫైళ్లన్నీ మార్చాలని మొదట అనుకున్నాం, వారానికే అది కుదరదని తెలిసింది. మళ్లీ మళ్లీ వాడే మూసలు, గత ఆరేడేండ్లలో వచ్చిన పెండ్లి పత్రికలు, అన్నీ కలిపి సుమారు నాలుగు వందల ఫైళ్లు ఎంచుకున్నాం.

పట్టిక తయారు చేయడం ఎలాగంటే, ఆ ఫాంటులోని 256 గడులను ఒక కాగితం మీద ప్రింట్ తీసి, అక్క పక్కన కూర్చొని ఒక్కో ముక్క ఏంటో చెప్తే నేను రాసుకున్నాను. పొడవైన వరుసను ముందు పట్టుకోవాలి, పొట్టిది తర్వాత. లేకపోతే రెండు ముక్కల మ ఒకటి వ గా, మిగిలిన తోక కొమ్ముగా మారి వు అవుతుంది. మా మొదటి పరుగులో "మహారాజశ్రీ" కాస్తా "వుహారాజశ్రీ" అని వచ్చింది.

దానికంటే పెద్ద చిక్కు వరుస. పాత ఫాంట్లలో ముక్కలు కంటికి కనబడే వరుసలో ఉంటాయి, యూనికోడ్‌లో పలికే వరుసలో ఉంటాయి. "క్రి" తీసుకోండి. యూనికోడ్‌లో క, పొల్లు, ర, గుడి. పాత ఫాంటులో ర వత్తు అక్షరాన్ని ఎడమ నుంచి చుట్టుకుంటుంది కాబట్టి అదే ముందు ఉంటుంది, కి తర్వాత వస్తుంది. మిగతా వత్తులు అక్షరం తర్వాత, కొన్ని గుణింతం కూడా అయిపోయిన తర్వాత. కాబట్టి స్క్రిప్టు ముక్కలను మార్చుకుంటూ పోతే చాలదు, ముందు ఒక అక్షరానికి చెందిన ముక్కలన్నీ ఒక గుంపు చేయాలి, ఆ గుంపులో హల్లు, వత్తులు, గుణింతం అని సర్ది, అప్పుడు రాయాలి. "లక్ష్మి", "స్త్రీ", "రాష్ట్రం" ఈ మూడూ సరిగ్గా వస్తే మిగతావి వస్తాయని ఒక అంచనా పెట్టుకున్నాను, దాదాపు అలాగే జరిగింది.

తప్పులు పట్టుకోవడానికి రెండు ఉపాయాలు బాగా పనిచేశాయి, ఎవరైనా ఈ పని చేస్తే వాడుకోండి. ఒకటి, తెలుగులో మామూలుగా రాని వరుసలను వెతకడం: గుణింతం పక్కన గుణింతం, అచ్చు పక్కన వత్తు, పదం మొదట్లోనే పొల్లు. ఇవి కనబడితే ఆ పదం దాదాపు కచ్చితంగా తప్పు. రెండోది, నాలుగు వందల ఫైళ్లలోని పదాలన్నీ ఒక జాబితా చేసి ఒకే ఒక్కసారి వచ్చిన వాటిని మాత్రమే కంటితో చూడటం. "ఆహ్వానించువారు" వందలసార్లు వస్తుంది, "ఆహ్వానించువారూు" ఒక్కసారే వస్తుంది. ఒంటరి పదాల్లో ఎక్కువ ఊర్ల పేర్లు, ఇంటిపేర్లు ఉంటాయి, అవి మాత్రం అక్క, అన్న ఇద్దరూ కూర్చొని పాత కార్డు పక్కన పెట్టుకొని చూశారు. గోత్రం తప్పు పడితే ఆ ఇంటివాళ్లు మళ్లీ గడప తొక్కరు, ఈ పనిలో ఏ స్క్రిప్టునూ పూర్తిగా నమ్మలేం.

పేజీ కట్టడానికి పేజ్‌మేకర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ 1.6 తీసుకున్నాం. చాలామంది పాత స్క్రైబస్ చూసి తెలుగు వత్తులు విడిపోతాయని వదిలేశారు, ఒకప్పుడు అది నిజమే. 2017లో వచ్చిన 1.5.3 నుంచి దానిలో హార్ఫ్‌బజ్ చేరింది, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రేఆఫీస్ అన్నిటిలో మన అక్షరాలను అతికే ఇంజిన్ అదే. 2024 జనవరిలో 1.6 స్థిరమైన వెర్షన్‌గా వచ్చాక ఇక భయం లేదు. ముగ్గులు, అంచులు, వినాయకుడి బొమ్మలు ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రామ్‌లో చేసుకొని స్క్రైబస్‌లోకి తెచ్చుకుంటున్నాం.

ఫాంట్ల విషయంలో షాపు అన్నకు పెద్ద అనుమానం ఉండేది, యూనికోడ్‌లో పత్రికకు పనికొచ్చే అందమైన ఫాంట్లు ఉండవని. అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర వాళ్లు విడుదల చేయించిన ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి, ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో, వ్యాపారానికి వాడుకున్నా ఎవరూ అడగరు. మండలి, గురజాడ, సూరన్న, పెద్దన, తిమ్మన, రామభద్ర, ధూర్జటి. అన్నీ ఒక కాగితం మీద "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" అని కొట్టి గోడకు అంటించాం. అందులో సురవరం అని ఒకటి ఉంది, మన పాలమూరు మనిషి, గోల్కొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు మీద పెట్టింది. ఆ సంగతి చెప్పగానే అన్న తన షాపు లెటర్‌హెడ్ అందులోనే వేయించుకున్నాడు. 1922లోనే నీలగిరి పత్రిక నల్లగొండ నుంచి వచ్చింది. సీసం అక్షరాలు ఒక్కొక్కటి పేర్చి తెలుగు అచ్చేసిన ఊరిలో కూర్చొని ఈ పని చేస్తున్నామన్న ఆలోచన నాకు చాలాసార్లు బలమిచ్చింది.

ఈ ఫాంట్లతో ఒక ఇబ్బంది ఉంది. కింద వత్తులకు చోటు ఉంచాలి కాబట్టి వాటి ఎత్తు ఎక్కువగా పెట్టారు, ఆటోమేటిక్ లైన్ స్పేసింగ్ వదిలేస్తే వరుసల మధ్య ఖాళీ బాగా కనబడి పత్రిక వెలితిగా ఉంటుంది. స్క్రైబస్‌లో ఫిక్స్‌డ్ లైన్ స్పేసింగ్ పెట్టి, "లక్ష్మి", "రాష్ట్ర" ఉన్న వరుసల్లో మాత్రం వత్తు కింది వరుసకు తగులుతుందేమో చూసుకోవాలి. ఇప్పుడు మూసల్లోనే ఆ కొలతలు పెట్టేశాం.

మమ్మల్ని ఒక వారం ఏడిపించింది నలుపు రంగు. స్క్రీన్ ప్రింటింగ్‌కు ట్రేసింగ్ షీట్ మీద లేజర్ ప్రింట్ తీసి దాంతో స్క్రీన్ ఎక్స్‌పోజ్ చేస్తారు. అక్షరం గట్టి నలుపులో లేకపోతే వెలుతురు లోపలికి దిగి సన్న గీతలు పోతాయి. స్క్రైబస్ నుంచి వచ్చిన మొదటి ట్రేసింగ్‌లు చూడటానికి బాగానే ఉన్నాయి, కార్డు మీద మాత్రం తలకట్లు తెగిపోయాయి. స్క్రీన్ వేసే పెద్దాయన భూతద్దం పెట్టి చూసి "దీంట్ల చుక్కలున్నయి బిడ్డా" అన్నాడు. ఆయన చెప్పింది నిజం. స్క్రైబస్‌లో నలుపు ప్రెస్సు కోసం పెట్టిన నలుపు, పీడీఎఫ్ తీసేటప్పుడు స్క్రీన్, వెబ్ అన్న ఎంపిక ఉంటే అది రంగుల లెక్కలోకి మారి ముదురు బూడిద రంగు అవుతోంది. కంటికి నలుపే. ప్రింటర్ మాత్రం దాన్ని సన్న చుక్కలుగా కొడుతోంది. ఎక్స్‌పోర్ట్‌లో గ్రేస్కేల్ పెట్టగానే చుక్కలు మాయం. ప్రింటర్‌లో టోనర్ ఆదా చేసే సెట్టింగు కూడా తీసేశాం. కంప్యూటర్ ముట్టని మనిషి ఆ పెద్దాయన, నేను నాలుగు రోజులు ఫాంట్ల మీద అనుమానంతో తిరుగుతుంటే ఆయన అర నిమిషంలో అసలు జాడ చూపించాడు.

ఆ ప్రింటర్‌కే లైనక్స్ డ్రైవర్ ఇంకో కథ. దానిది సొంత భాష, మామూలు డ్రైవర్లకు అర్థం కాదు. ఎవరో ఔత్సాహికులు ఆ భాషను బయటినుంచి గమనించి రాసిన ఓపెన్ సోర్స్ డ్రైవర్ దొరికింది, కంపైల్ చేసి పెట్టాను, పనిచేస్తోంది, పేపర్ అయిపోతే మాత్రం ఒక్కోసారి ప్రింటర్ ఆపి మళ్లీ వేయాలి. తర్వాత ప్రింటర్ కొనే రోజు వస్తే పోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక ప్రింటర్ భాష అర్థమయ్యేదే కొనమని చెప్పాను.

అసలు పరీక్ష డిసెంబర్‌లో ఎదురైంది. పంచాయతీ ఎన్నికలు, 11, 14, 17 తేదీల్లో మూడు విడతలు. సర్పంచ్, వార్డు అభ్యర్థులకు గుర్తులు వచ్చేది విత్‌డ్రాల తర్వాతే, ఆ సాయంత్రం నుంచి అందరికీ ఆ రాత్రికే కరపత్రాలు కావాలి. మూసలు ఇంకా సగమే మారాయి. అన్న అడిగాడు, పాత మిషన్ మీద చేద్దామా అని. అక్కే వద్దంది. కారణం వాట్సాప్. అభ్యర్థుల మనుషులు హామీలన్నీ ఫోన్‌లో తెలుగులో టైప్ చేసి పంపుతున్నారు. ఇదివరకు దాన్ని చూస్తూ మొత్తం మళ్లీ కొట్టాల్సి వచ్చేది, ఎందుకంటే ఫోన్ తెలుగు యూనికోడ్, షాపు తెలుగు కాదు. ఇప్పుడు కాపీ చేసి పెడితే వచ్చేస్తుంది, అక్షర దోషాలు దిద్దుకుంటే చాలు. ఆ ఎన్నికల రోజుల్లో తిప్పర్తి, కనగల్, నార్కట్‌పల్లి వైపు నుంచి వచ్చిన వాళ్లకు రాత్రి రెండు దాకా కొట్టిచ్చారు. రెండుసార్లు స్క్రైబస్ మూతపడింది, ఫోన్‌లోంచి వచ్చిన చాలా పెద్ద ఫొటోలు అలాగే పెట్టడం వల్ల. ఫొటోలను ముందే చిన్నవి చేసే స్క్రిప్టు ఒకటి ఫోల్డర్‌కు తగిలించాక మళ్లీ ఆగలేదు. రాత్రి ఒంటిగంటకు "తమ్మీ, బంద్ పడ్డది" అని ఫోన్ వస్తే వచ్చే టెన్షన్ మాత్రం నాకు ఇంకా గుర్తుంది.

కానివి కూడా చెప్పాలి. ఫ్లెక్సీ మిషన్ యూనిట్ వేరే వాళ్లది, వాళ్లది మొత్తం విండోస్, వాళ్లకు బొమ్మగా సేవ్ చేసిన టిఫ్ ఫైలు ఇస్తే తీసుకుంటున్నారు, కానీ డిజైన్ ఫైలే కావాలనే కొందరు కస్టమర్లకు కోరల్‌డ్రా ఫైలు ఇవ్వలేకపోతున్నాం. పాత కోరల్ ఫైళ్లు ఇంక్‌స్కేప్‌లో తెరుచుకుంటున్నాయి, బొమ్మలు బాగానే వస్తాయి, నీడలు, పారదర్శకత ఉన్నచోట చెడుతున్నాయి. ఉర్దూ పత్రికలు ఇంకా సగం దారిలో ఉన్నాయి. నోటో నస్తాలీఖ్ ఉర్దూ ఫాంటుతో లిబ్రేఆఫీస్‌లో చక్కగా వస్తోంది, కానీ ఉర్దూ డీటీపీ సాఫ్ట్‌వేర్ ఇన్‌పేజ్ రాతకు అలవాటు పడిన కళ్లకు అది కొంచెం పరాయిగా ఉంది, ఒకరిద్దరు వెనక్కి పంపారు. వేలిముద్ర మిషన్ అవసరమయ్యే ఆన్‌లైన్ పనులకు లైనక్స్‌లో దారి దొరకలేదు, ఆ పనులు అన్న మానేశాడు. మిగిలిన పాత ఫైళ్లు వేలల్లో ఉన్నాయి. అవి రెండు వేర్వేరు డిస్కుల్లో ఉన్నాయి, ఒకటి షాపులో, ఒకటి అన్న ఇంట్లో. అవసరం వచ్చినప్పుడు ఒక్కొక్కటి మారుస్తున్నారు. బ్యాకప్ ప్రతి రాత్రి షట్టర్ వేసేముందు ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్ ప్రోగ్రామ్‌తో తనంతట తానే జరుగుతోంది, దీని విషయంలో నేను ఎవరి మాటా వినలేదు.

ఫిబ్రవరిలో మూఢం పోయింది, ముహూర్తాలు మొదలయ్యాయి. నేను షాపులో ఉన్న రోజే నిడమనూరు దిక్కు నుంచి ఒక బత్తాయి రైతు వచ్చాడు, చిన్న కొడుకు పెండ్లి. పెద్ద కొడుకు పత్రిక ఇక్కడే కొట్టించాం, ఏ సంవత్సరమో యాదికి లేదన్నాడు. ఇదివరకైతే ఫోల్డర్లు ఒక్కొక్కటి తెరిచి చూసేవాళ్లు, గంట పట్టేది, ఎందుకంటే ఆ ఫైళ్లలో తెలుగు పదం వెతకడం అనేదే లేదు. అక్క ఊరి పేరు, ఇంటిపేరు కొట్టింది. మూడు ఫైళ్లు వచ్చాయి. రెండోది వాళ్లది. ఆయన పాత పత్రికలో తన తండ్రి పేరు చూసి, ఇప్పుడు ఆ పేరు ముందు కీర్తిశేషులు అని పెట్టమన్నాడు. అక్క పెట్టింది.

మేం చేసిన పట్టిక, పైథాన్ స్క్రిప్టు, దిద్దిన కీబోర్డు ఫైలు మూడూ స్వేచ్ఛగా వాడుకునే లైసెన్సుతో ఒకచోట పెట్టాను. ఇంకో ఫాంట్ కుటుంబానికి పట్టిక వేరే ఉంటుంది, ఆ 256 గడులు మళ్లీ నింపాల్సిందే, మిగతాదంతా పనికొస్తుంది. జడ్చర్ల నుంచి ఒక షాపాయన ఫోన్ చేశాడు, వాళ్ల ఆపరేటర్‌ది మాడ్యులర్ అనే ఇంకో పద్ధతి కీబోర్డట. దానికి ఎం17ఎన్‌లో ఫైలు లేదు, మొదటినుంచి రాయాలి. వచ్చే ఆదివారం పోతున్నాను, అక్క కూడా వస్తానంది. ఆ ఆపరేటర్ పక్కన ఎవరైనా కూర్చొని ఒక్కో కీ నొక్కించి రాసుకోవాలి కదా.